పైడన్న పులి దరఖాస్తు

బరంపురం లంజిపల్లిలో మా కొట్టుకు వచ్చేవాళ్లలో సగం మంది తాము ఎప్పుడు పుట్టారో నన్నే అడుగుతారు. పదహారేళ్లుగా ఫారాలు నింపుతున్నాను కనుక బరంపురంలో ఎవరు ఏ రోజున పుట్టారో నా కంప్యూటర్‌లో ఉంటుందని వాళ్ల నమ్మకం. రేషన్ కార్డు, పింఛను, పాస్‌పోర్టు, రైల్వే ఉద్యోగం, నర్సింగ్ సీటు, ఏదైనా సరే, ఆదిలక్ష్మి దగ్గరికి వెళ్తే పని అవుతుంది, తిట్లు మాత్రం ఉచితం అని ఊళ్లో పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. సంతకం ఒక గడిలో పెట్టమంటే పక్క గడిలో పెట్టేవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అయితే పైడన్న దరఖాస్తులో తప్పు చేసింది పైడన్న కాదు, నేను. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను. తర్వాత ఎవరూ నాకు గుర్తుచెయ్యనక్కర్లేదు.

పైడన్నది ఊరి పక్కనున్న అంకులి. సున్నాలూ రంగులూ వేసే పని. నలభై ఐదేళ్లుంటాయి, ఎండు కట్టెలా ఉంటాడు. నిచ్చెన ఎక్కితే దిగడు, దిగితే మాట్లాడడు. ఆ మనిషి రెండేళ్లకోసారి పులి అవుతాడు. మా ఊళ్లో రెండేళ్లకోసారి చైత్రమాసంలో బుఢీ ఠాకురాణి అమ్మవారి జాతర వస్తుంది. ఆ రోజుల్లో బరంపురం బరంపురంలా ఉండదు. మొక్కుకున్నవాళ్లు రకరకాల వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. సాయంత్రమయ్యేసరికి అమ్మవారి ఘటాలు ఆడవాళ్ల తలల మీద బయల్దేరతాయి. పైడన్న ఒంటినిండా పసుపు రంగు, నల్లచారలు పూసుకుని, నడుముకు తోక కట్టుకుని ఆ ఘటాల ముందు పులి ఆట ఆడతాడు. పద్నాలుగో ఏట మొదలుపెట్టాడు, కరోనా వచ్చి జాతర ఆగిపోయినప్పుడు తప్ప ఎప్పుడూ మానలేదు.

ఇదంతా నాకు తెలుసు. తెలియనిది వేరే ఉందని కరోనా పోయాక వచ్చిన జాతర ముందు ఒక మధ్యాహ్నం బయటపడింది. పైడన్న మా కొట్టు షట్టర్‌కు రంగు వేస్తున్నాడు. కాలేజీ పిల్ల ఒకతె వచ్చి ఒక ప్రకటన ప్రింటు తీయించుకుంది. బెంగళూరు పక్కన ఎక్కడో నాట్యకేంద్రం ఉందట. దేశం మొత్తం మీద ఆరుగురిని ఎంచుకుని ఆరు వారాలు తమ దగ్గర ఉంచుకుంటారట. ఉండడానికి గది, తిండి, ఆడుకోవడానికి పెద్ద హాలు, ఆఖరున జనం ముందు ఒక ప్రదర్శన. శాస్త్రీయ నృత్యం నేర్చినవాళ్లే కాదు, వీధుల్లో ఆడేవాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చని కింద రాసి ఉంది. నేను ఆ పిల్లకు పైకి చదివి అర్థం చెప్తుంటే బయట బ్రష్షు చప్పుడు ఆగింది.

“డేన్సాడ్డానికి కూడా దరకాస్తు ఎట్టాలేటమ్మా?” అన్నాడు పైడన్న తల లోపలికి పెట్టి.

“పెట్టాలట. ఏం, నువ్వెళ్తావా?” అన్నాను వేళాకోళానికి.

“ఆ హాల్లో నేల కదల్దు గదా?”

“నేల కదలడమేటి పైడన్నా? భూకంపమా?”

అప్పుడు అతను షట్టర్ కింద చతికిలబడి చెప్పాడు. పదేళ్లలో అతని నోట నేను విన్న మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు. అతనికి పులి ఆట నేర్పినవాడు పోతయ్య. పోతయ్య పులికి పద్దెనిమిది నడకలు. పొదలోంచి తొంగిచూసే పులి, వాసన పట్టే పులి, నీళ్లు తాగే పులి, పిల్లను నోట కరుచుకుపోయే పులి, దెబ్బ తిన్న పులి... ఆఖరిది నిద్రపోయే పులి. ఒక్కొక్క నడకే కళ్లం మీద నేర్పాడు, వరస మాత్రం నోటితో చెప్పాడు. ఆ ఏడాదే పోయాడు. కూడళ్లలో ఘటాలు కాసేపే ఆగుతాయి. ఎనిమిదో తొమ్మిదో నడక అయ్యేసరికి కదులుతాయి. వాటితోపాటు పులీ కదలాలి. తర్వాతి కూడలిలో మళ్లీ మొదటినుంచి.

“ముప్పై ఏళ్లయినాదమ్మా. తొమ్మిదో నడక దాటి ఎల్లలేదు నాను. నిద్రపోయే పులిని నానే సూడలేదు. నాను పోతే ఇంకెవులూ సూడరు. పద్దెనిమిదీ వరసగా ఒక్కసారి ఆడాలమ్మా. జాతర్లో నేల నిలబడదు.”

ఆ పూట మా షట్టర్ సగమే ఎండింది. నాకేమో కాళ్లు నేల మీద నిలవలేదు. పింఛను కాగితాలు పక్కన పడేసి అప్పటికప్పుడు ఫారం తెరిచాను.

ఆ ఫారం చూస్తే తల ప్రాణం తోకకు వచ్చింది. విద్యార్హత దగ్గరే ఆగిపోయాం. ఏడో తరగతి అన్నాడు. శిక్షణ సంస్థ పేరు? పోతయ్య కళ్లం అని రాశాను. గతంలో ప్రదర్శించిన వేదికలు? ఒక్కొక్క కూడలి పేరూ చెప్పుకుంటూ పోయాడు, గడి నిండిపోయింది. పత్రికలలో వచ్చిన సమీక్షలు? “ఓసారి ఒక ముసలమ్మ నన్ను సూసి జడుసుకుని కాలవలో పడిపోయింది” అన్నాడు. అది సమీక్షే కదా అని నాకూ అనిపించింది గాని, రాయలేదు.

“ఆరు వారాల్లో మీరు ఏం చేయదలచుకున్నారు? అయిదు వందల పదాల్లో రాయాలట,” అన్నాను.

“పులాడతాను.”

“అది ఒక్క పదం. ఇంకా నాలుగు వందల తొంభై తొమ్మిది కావాలి.”

“అన్ని మాటలొత్తే పులెందుకాడతానమ్మా?”

అతను షట్టర్ కింద చెప్పిన మాటలనే కూర్చి రాశాను. నా సొంత పాండిత్యం ఎక్కడా కలపలేదు. చదివి వినిపిస్తే “ఇది నానన్నదేనా?” అని సిగ్గుపడిపోయాడు.

ఇక మిగిలింది వీడియో. అయిదు నిమిషాలు, మధ్యలో కత్తిరించకుండా, ఒక్క మనిషే ఆడినది. జాతర అప్పటికే మొదలైంది. ఒకరోజు సాయంత్రం కూడలిలో ఒక బట్టల కొట్టు అరుగు మీద స్టూలు వేయించుకుని, దాని మీద నేను నిలబడ్డాను. యాభై రెండేళ్ల మనిషిని, మోకాళ్ల నొప్పులు, అయినా ఎక్కాను. ఘటాలు వచ్చాయి. పైడన్న ఆటకు ఎప్పుడూ వాయించే నరసన్న డోలు అందుకున్నాడు. పైడన్న ఘటాల ముందుకు దూకాడు. అబ్బ, ఏం ఆట! ఆ ఎండు కట్టెలోంచి అంత పులి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. వెన్ను వంచితే చారలు పాకుతున్నాయి, తోక దానంతట అది తిరుగుతోంది. నా చెయ్యి వణక్కుండా పట్టుకుని తీశాను. ఘటాలు కదిలి నా ఎదురుగా రాగానే ఫోను నడుములో దోపి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టుకున్నాను. సరిగ్గా అయిదు నిమిషాలకు ఆరు సెకన్లు తక్కువ వచ్చింది. ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. మర్నాడు ఉదయమే పంపేశాను.

ఆ తర్వాత మూడు వారాలు నేను ఎవర్నీ తిట్టలేదని కొట్టులో చెప్పుకున్నారు. రోజుకు పదిసార్లు మెయిలు తెరిచి చూసేదాన్ని. పైడన్న సైకిలు మీద పోతూ గుమ్మం దగ్గర ఒక కాలు ఆనించి, ఏమీ అడగకుండా నా మొహం వైపు చూసి వెళ్లేవాడు. జాతర అయిపోయింది. అమ్మవారు వెళ్లిపోయింది. అప్పుడు వచ్చింది మెయిలు.

దరఖాస్తు తమను చాలా ఆకట్టుకుందని రాశారు. అయితే వీడియోలో కళాకారుడి వీపు మాత్రమే కనిపిస్తోందని, ముఖం గాని, ముందుభాగంలో కదలికలు గాని ఒక్క క్షణమైనా కనపడలేదని, అందువల్ల నిర్ణయం చెయ్యలేకపోతున్నామని, మూడు రోజుల్లో ఇంకో వీడియో పంపితే చూస్తామని.

నాకు ముందు కోపం వచ్చింది. అమ్మవారు ఎదురుగా వస్తుంటే పులి వీపు తిప్పి జనానికి మొహం చూపిస్తుందా? బుద్ధుందా వీళ్లకి? పోతయ్య ఇంటి పులి ఘటాలకు వెన్ను చూపదు, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూనే వీధులన్నీ తిరుగుతుంది. ఇది ఇక్కడ అందరికీ తెలుసు! అనుకుంటూ వీడియో మళ్లీ పెట్టి చూశాను. అయిదు నిమిషాలూ వీపు. వీపు, తోక. ముప్పైసార్లు చూశాను ఆ వీడియో, ఒక్కసారీ నా కంటికి ఆనలేదు. ఎందుకంటే పులి అలాగే ఉండాలి మరి. అతను నా పక్కనుంచి దాటి వెళ్లినప్పుడు మొహం కనిపించేదే. అప్పుడు నేను ఫోను దోపుకుని, అందరిలాగే కళ్లు మూసుకుని ఘటాలకు దణ్ణం పెట్టుకుంటున్నాను! పదహారేళ్లుగా ఊరందరి ఫొటోలూ చెవులు కనిపించడం లేదని తిప్పికొట్టిన ఆదిలక్ష్మి, మొహమే లేని వీడియో పంపించింది. సిగ్గుతో చచ్చిపోయాను.

పైడన్నను పిలిపించాను. భార్య చిట్టమ్మ కూడా వెంట వచ్చింది. ఆవిడ పెద్దబజారులో కూరగాయలు అమ్ముతుంది, మొగుడి వంతు మాటలు కూడా తనే మాట్లాడుతుంది. జరిగింది చెప్పి, “మళ్లీ తోక కట్టు, మా మేడ మీద తీద్దాం” అన్నాను.

“కట్టకూడదమ్మా,” అన్నాడు పైడన్న. “అమ్మెల్లిపోయింది. మొక్కు తీరిపోయింది. ఇప్పుడు తోక కడితే పాపం. మళ్లీ జాతరకే.”

“తోక లేకుండా ఆడు. రంగు కూడా వద్దు. ఆ హాల్లోనైనా అలాగే ఆడాలి కదా?”

“అప్పుడు పులేటుంటాది? నానుంటాను.”

“వాళ్లకు కావలసింది నువ్వేనయ్యా మహానుభావా!” అని అరిచాను. వినలేదు. తల వంచుకుని గోళ్లలో రంగు గీక్కుంటున్నాడు. మూడు రోజుల్లో ఒక రోజు అప్పుడే అయిపోవస్తోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ముప్పై ఏళ్లుగా తొమ్మిదో నడక దగ్గర ఆగిపోయిన మనిషికి నిలబడే నేల దొరికే వేళకు, నా చేత్తో నేనే దాన్ని లాగేశాను.

“నానొక మాట సెప్తానుండండక్కా,” అంది చిట్టమ్మ. మొగుడి వైపు తిరిగింది. “నీ మొకం ఎవులికి సూపించాలో తెలక గదా నీ బాద? మనువాడొచ్చినకాణ్ణించీ జాతర జాతరకీ ముందెల్లి జనంలో నిలబడతన్నాను. ఊరంతా నీ మొగుడు పులాడతాడే అంటారు. నాను సూసిందేటి? ఈపు. తోక. పులి మొకం ఎలగుంటాదో ఇంతకాలం నాకే తెల్దు. రేపు నన్ను సూసి ఆడు. ఆయమ్మ ఫోను నా బుజమ్మీంచి ఎట్టుకుంటాది. తోకొద్దు. తోక సూసి సూసి ఇసుగెత్తిపోనాది నాకు.”

పైడన్న ఆవిడ వైపు చూశాడు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. “ఇన్నాళ్లూ సెప్పలేదేటే?” అన్నాడు.

“నువ్వడిగేవేటి?” అంది.

మర్నాడు పొద్దున్నే, ఎండ ముదరకముందు, అందరం మా మేడ ఎక్కాం. నరసన్న డోలు తెచ్చుకున్నాడు. డోలుకు ఏ నియమమూ లేదు, పెళ్లిళ్లకూ మోగుతుంది. పైడన్న పనికి వేసుకునే లుంగీయే పైకి మడిచి కట్టాడు. దాని మీద ఊళ్లో సగం ఇళ్ల రంగులున్నాయి. చిట్టమ్మ పిట్టగోడకు ఆనుకుని నిలబడింది. ఆవిడ భుజం మీద నా మోచెయ్యి ఆనించి ఫోను పట్టుకున్నాను. “మొహం కనపడాలి!” అని అరిచాను. అందరూ ఉస్ అన్నారు.

మొదటి నడక మొదలైంది. పొదలోంచి తొంగిచూసే పులి. రంగు లేదు, చారలు లేవు, నెరిసిన గడ్డం ఉన్న మనిషి ఒకడు భార్య వైపు తొంగి చూశాడు. నా మోచేతి కింద చిట్టమ్మ ఒక్కసారి ఉలిక్కిపడింది. భయమనుకునేరు, కాదు. నాకూ అదే అయింది. కళ్లు! ఆ కళ్లు నేనెప్పుడూ చూడలేదు. ఊళ్లో ఎవరూ చూడలేదు. అమ్మవారికి ఒక్కదానికే తెలుసు అవి.

నరసన్నకు కూడా హుషారు ఎక్కింది. నాలుగు, అయిదు, ఆరు. నీళ్లు తాగే పులి మా మేడ మీద నీళ్ల మరక దగ్గరే వంగింది. తొమ్మిది. ఇక్కడికి వచ్చేసరికే ఘటాలు కదిలేవి. ఎవరూ కదల్లేదు. పైడన్న ఒక్క క్షణం ఆగి తలెత్తి చూశాడు, ఎవరైనా తరుముతారేమోనని. చిట్టమ్మ కదలకుండా నిలబడే ఉంది. పది! నేను గట్టిగా “పది!” అని అరిచేశాను. ఆ అరుపు వీడియోలో పడింది, ఇప్పటికీ ఉంది. పదకొండు, పన్నెండు. పదమూడులో తడబడ్డాడు. పెదాలు కదిలాయి, వేళ్లు మడిచి లెక్క చూసుకుని మళ్లీ అందుకున్నాడు. పిల్లను నోట కరుచుకున్న పులి ఎంత మెల్లగా నడిచిందో! దెబ్బతిన్న పులి ఒక కాలు ఈడ్చుకుంటూ మేడంతా తిరిగింది. పద్దెనిమిదో నడకలో డోలు ఆగిపోయింది. పులి తనచుట్టూ తాను మూడుసార్లు తిరిగి, ముందుకాళ్లు చాపి, వాటి మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది.

కింద రోడ్డు మీద ఆటోలు పోతూనే ఉన్నాయి. చిట్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు. పైడన్న కళ్లు తెరిచి, పడుకునే, “అయిపోనాదమ్మా?” అన్నాడు చిన్న గుంటడిలా. అవునన్నాను. నాకు ఆ మనిషి కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టలేదు గాని, అనిపించింది.

ఫోను చూస్తే పదకొండు నిమిషాల నలభై సెకన్లు. అయిదు నిమిషాలు మించకూడదని నియమం. నియమం తప్పినవాళ్లని కొట్టులోంచి గెంటేసే మనిషిని నేను. ఎక్కడ కత్తిరించాలో అని ఆ సాయంత్రందాకా చూశాను. తొమ్మిది దగ్గర కత్తిరిస్తే ఘటాలు కదిలినట్టే. చివరికి ఒక్క సెకను కూడా తియ్యకుండా పంపేశాను. “అయిదు నిమిషాలకు మించి చూడకూడదని మీకు నియమం ఉంటే అయిదు నిమిషాల దగ్గర ఆపండి. ఆపగలిగితే” అని కింద రాశాను. కొంచెం పొగరుగానే రాశాను.

రెండో రోజే ఫోను. ఆ కేంద్రం నుంచి ఒకావిడ, ఇంగ్లీషులో. పైడన్న అంకులిలో ఒక ఇంటికి రంగు వేస్తుంటే ఆటో పంపి నిచ్చెన మీంచి దింపి తెప్పించాను. చిట్టమ్మ కూరల బుట్ట పక్కావిడకు అప్పగించి పరుగెత్తుకొచ్చింది. ఫోను స్పీకరులో పెట్టాను.

వీడియో అంతా చూశారట. అందరూ కలిసి రెండుసార్లు చూశారట. అయితే ఒక్క సందేహం ఉంది అందావిడ. పద్దెనిమిది నడకలూ వరసగా ఆడాలన్నది ఆయన కోరిక అని దరఖాస్తులో రాశారు. అది మీ మేడ మీద తీరిపోయింది కదా. మరి ఆరు వారాలు ఇక్కడికొచ్చి ఏం చేస్తారు?

నిజమే మరి! నా పొగరుతో నేనే కొంప ముంచానా? పైడన్నకు తెలుగులో చెప్పాను. అతను చెయ్యి చూసుకున్నాడు. వేళ్ల నిండా అంకులి ఇంటి నీలం రంగు.

“ఆవేళ లెక్కెట్టుకుంటా ఆడాను గదమ్మా,” అన్నాడు. “ఇది పదోది, ఇది పదకొండోది అని. పదమూడులో తప్పిపోనాను, మీరు సూసినారు. పులి లెక్కెట్టదు. లెక్క మర్సిపోయేదాకా ఆడాల. ఆరు వారాలు సాల్తాయో సాలవో నాను సెప్పలేనని సెప్పండి.”

ఏమీ కలపకుండా, ఏమీ తియ్యకుండా ఇంగ్లీషులో చెప్పాను. అవతల ఆవిడ ఎవరితోనో ఏదో అంటున్నట్టు వినిపించింది. మళ్లీ ఆవిడ గొంతు. ఈసారి ఆ గొంతులో నవ్వుంది. జూన్ పదో తేదీ నుంచి రాగలరా అని అడిగింది.

“అంకులిలో ఇల్లు సగమే...” అని పైడన్న మొదలుపెట్టాడు.

“వస్తాడు! పదో తేదీకి వస్తాడు!” అని నేను తెలుగులోనే అరిచేశాను. ఆవిడకు ఏమర్థమైందో గాని, గట్టిగా నవ్వి అభినందనలు చెప్పింది. చిట్టమ్మ కొట్టు మధ్యలో నిలబడి నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేసింది. పింఛను కోసం వచ్చిన ఇద్దరు ముసలాళ్లు ఏం జరిగిందో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

పైడన్న మాత్రం గోడకున్న కేలండరు ముందు నిలబడ్డాడు. పదో తేదీ మీద నీలం వేలు పెట్టాడు. మచ్చ పడింది.

“ఇంకా నెల్రోజులుందమ్మా,” అన్నాడు. అడగడానికి అతనెంత అవస్థ పడ్డాడో నేను చూశాను. “అంతదాకా... పొద్దున్న పూట మీ మేడ మీద ఆడుకోనిత్తారేటి?”

ఎనిమిదేళ్లలో ఆ మేడకు మూడుసార్లు సున్నం వేశాడు పైడన్న. ఎప్పుడూ అడగలేదు. అడగకపోయినా ఇవ్వాలని నాకూ ఎప్పుడూ తోచలేదు. సొరుగు లాగి మేడ తాళంచెవి వెతికి తీశాను. నేను దాన్ని అతని చేతిలో పెట్టేలోపే చిట్టమ్మ మెట్లెక్కేసింది.